బనగానపల్లె సంస్థానం: సేద్యం, మామిడి తోట

సింగరాయకొండ స్టేషనులో దిగి, పెద్ద రోడ్డు మీదికి వచ్చి, దక్షిణంగా ఉలవపాడు వైపు కొద్ది మైళ్ళు సాగితే ఏప్రిల్ నెలాఖరు మొదలు జూన్ దాకా రోడ్డుకు ఇరువైపులా మామిడికాయల రాశులు కనిపిస్తాయి. గుంటూరు నుండి దిగివచ్చే ప్రత్తి, మిరప భూములు ఇక్కడికి వచ్చేసరికి పలుచబడి, టంగుటూరు, కందుకూరు పొగాకు చేలతోను, సముద్రం వైపు సరుగుడు తోటలతోను కలిసిపోతాయి. వాటి నడుమ ఇసుక పాలు కలిసిన ఎర్రనేలల్లో ఈ మామిడి తోటలున్నాయి. అమ్మేవారిని ఏ కాయ అని అడిగితే "ఉలవపాడు కాయ" అంటారు. ఉలవపాడు కాయలో ఏ రకం అని మళ్ళీ అడిగితే, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసి "బంగినపల్లి" అంటారు.

బంగినపల్లి అనేది ఒక ఊరి పేరని, ఆ ఊరు ఒకప్పుడు ఒక ముస్లిం సంస్థానానికి రాజధాని అని, ఆ సంస్థానం 1948 వరకు బ్రతికి ఉన్నదని మన కోస్తా జిల్లాల పాఠకులలో చాలామందికి తట్టదు. హైదరాబాదు నిజాముల గురించి, ఆర్కాటు నవాబుల గురించి కావలసినంత వ్రాయబడింది. కర్నూలు జిల్లా నడుమ ఒక చిన్న ముక్కగా ఉండిన బనగానపల్లె గురించి తెలుగులో వచ్చింది తక్కువ. వచ్చినదానిలోనూ నవాబుల వంశక్రమం తప్ప, ఆ నేలలో ఏమి పండేది, ఎవరు పండించేవారు, ఎవరు తినేవారు అన్న మాట అరుదు. చిన్న రాజ్యానికి యుద్ధాల చరిత్ర పెద్దగా ఉండదు. దాని అసలు చరిత్ర దాని పొలాలలోనే ఉంటుంది. ఈ వ్యాసం ఆ వైపు నుండి వ్రాయడమైనది.

ముందుగా నేల సంగతి. సింగరాయకొండ నుండి పడమరగా నల్లమల దాటి, గిద్దలూరు, నంద్యాల మీదుగా పోతే బనగానపల్లె వస్తుంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటి నుండి అది నంద్యాల జిల్లాలో ఉన్నది. అదే నాడు ఇక్కడ ఉలవపాడు ప్రకాశం జిల్లా నుండి నెల్లూరు జిల్లాకు పోయింది. సింగరాయకొండ ప్రకాశంలోనే మిగిలింది. బనగానపల్లె చుట్టూ తక్కువ ఎత్తు కొండలు, వాటి నడుమ జుర్రేరు అనే చిన్న ఏరు. ఈ జుర్రేరు లోయలోనే జ్వాలాపురం అనే ఊరి దగ్గర పురావస్తు పరిశోధకులు, సుమారు 74 వేల ఏళ్ళ క్రితం సుమత్రా ద్వీపంలోని టోబా అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు ఎగిరివచ్చి పడిన బూడిద పొరను, ఆ పొరకు క్రిందను మీదను కూడా మనిషి వాడిన రాతి పనిముట్లను కనుగొన్నారు. 2007లో ఈ సంగతి ప్రపంచ పత్రికలకెక్కింది. కాబట్టి నవాబులకు, వారికి ముందరి రాజులకు, అందరికంటె ముందు నుండి మనిషి ఆ లోయలో తిండి వెతుక్కొంటూనే ఉన్నాడు.

లోయ అడుగున నల్లరేగడి, కొండల పాదాన ఎర్రనేల, మీద నాపరాయి. నల్లరేగడిలో జొన్న, కొర్ర, ప్రత్తి. బీదవాని కడుపు నింపింది జొన్న, కొర్రలే. ఎర్రనేలలో నీరు నిలువదు గనుక, బావి ఉన్నచోట చెట్టు పెట్టవచ్చును. మామిడి వేరుకు నిలువ నీరు గిట్టదు. నల్లరేగడి దానికి అంతగా పనికిరాదు. ఈ మాట ముందుకు అవసరమౌతుంది గనుక ఇక్కడే చెప్పుచున్నాను: జొన్న చేను తీసివేసి మామిడి నాటిన కథ కాదిది. జొన్న పండని చోట, బావి త్రవ్వించగల స్తోమతు ఉన్నవారు నాటినది మామిడి. ఈ కొండలలో వజ్రాలు కూడా దొరికేవి. భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి ఒక రాతి పొరకు బనగానపల్లె పేరే పెట్టుకొన్నారు. వజ్రం పేరు శాస్త్రగ్రంథాలలో మిగిలింది, మామిడి పేరు జనం నోట మిగిలింది.

ఇక రాజకీయ చరిత్ర. దీనిని క్లుప్తంగా ముగిస్తాను. సమీపంలోని నందవరం పేరుతో ముడిపడిన నంద చక్రవర్తి వంశీయుల నుండి బీజాపూరు ఆదిల్‌షాహీలు 17వ శతాబ్ది ఆరంభంలో బనగానపల్లె కోటను తీసుకొన్నారు. కొంతకాలం సిద్దీ సేనాని ఒకడు ఏలిన పిమ్మట, 1665 ప్రాంతంలో ఆ జాగీరు ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు దక్కింది. ఆయనకు మగ సంతానం లేక మనుమడు ఫైజ్ అలీ ఖాన్ వారసుడైనాడు. 1686లో ఔరంగజేబు బీజాపూరును పట్టుకొన్నప్పుడు కూడా ఆ జాగీరు చెక్కుచెదరలేదు. తరువాత నిజాం అధీనం, హైదర్ అలీ బలం పెరిగాక మైసూరు అధీనం. 1783లో హుసైన్ అలీ ఖాన్ మరణించగా, వారసుడు పసివాడు. ఏడాది తిరగకమునుపే టిపూ సుల్తాను ఆ కుటుంబాన్ని వెళ్ళగొట్టాడు. వారు హైదరాబాదులో తలదాచుకొని 1789 ప్రాంతంలో తిరిగివచ్చి ఊరు దక్కించుకొన్నారు. పొరుగున ఉన్న చెంచెలిమల జాగీరు వివాహ సంబంధం వలన కలిసివచ్చింది. 1800లో నిజాం తన దక్షిణ జిల్లాలను ఆంగ్ల కంపెనీకి ధారాదత్తం చేశాడు. వాటినే దత్త మండలాలనేవారు; 1928 నంద్యాల సభ తరువాత రాయలసీమ అన్నారు. అప్పటి నుండి బనగానపల్లె మద్రాసు ప్రభుత్వపు నీడలోని సంస్థానం.

ఇక్కడ ఒక విచిత్రం గమనార్హం. పొరుగునే ఉన్న కర్నూలు నవాబు ఎన్నో రెట్లు పెద్దవాడు. ఆంగ్లేయులు 1839లో ఆయన మీద కుట్ర నేరం మోపి పదవీభ్రష్టుని చేసి, రాజ్యాన్ని కలుపుకొన్నారు. చిన్నదైన బనగానపల్లె మాత్రం మిగిలింది. అయితే అది కూడా నిబ్బరంగా మిగలలేదు. ఆదాయ వ్యయాలు అస్తవ్యస్తమైనవన్న కారణంతో 1832 నుండి 1848 వరకు మద్రాసు ప్రభుత్వమే దానిని నడిపింది. 1905లో మళ్ళీ అదే కారణం మీద కొద్ది నెలలు నడిపింది. ఇరవయ్యవ శతాబ్ది మొదట దాని వైశాల్యం 255 చదరపు మైళ్ళు. 1901 లెక్కల ప్రకారం జనం 32,264. నేటి పెద్ద మండలాలు ఒకటి రెండు కలిపితే అంత జనం దాటిపోతారు. కప్పం లేదు, సైన్యం లేదు. నవాబు షియా సంప్రదాయస్థుడు, ప్రజలలో అధిక సంఖ్యాకులు హిందువులు. వీరబ్రహ్మంగారు పశువులు కాచిన ఊరు, యాగంటి గుడికి పోయే దారి ఊరు కూడా అదే. బ్రహ్మంగారిని నవాబు పరీక్షించి, మహిమ చూచి భూమి ఇచ్చినాడన్న కథ ఆ ప్రాంతపు హిందువులూ ముస్లిములూ ఒకే తీరుగా చెప్పుకొంటారు. కథను కథగానే గ్రహించినా, ఏలినవానికీ ఏలబడినవారికీ నడుమ ఉండిన వాడుకను అది చెప్పుతుంది.

ఇప్పుడు తోటకు వద్దాము.

ముస్లిం పాలకులు ఎక్కడ స్థిరపడినా తోట వేయడం అలవాటు. దీని వెనుక విలాసం లేదని కాదు. కాని విలాసమొక్కటే కాదు. చెట్టు నాటినవాని పండును పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అది నాటినవానికి సదఖా అవుతుందన్న దైవప్రవక్త (స) బోధ బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉన్నది. అందలుస్‌లో తులైతులా వాసి ఇబ్ను బస్సాల్ 11వ శతాబ్దిలోను, ఇష్బీలియా వాసి ఇబ్నుల్ అవ్వామ్ 12వ శతాబ్దిలోను వ్యవసాయం మీద అరబ్బీలో పెద్ద గ్రంథాలు వ్రాశారు. ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథంలో అంటు కట్టే విధానాలకు విడిగా అధ్యాయమే ఉన్నది. హిందూస్థానంలో అమీర్ ఖుస్రో మామిడిని మెచ్చుకొన్నాడు. బాబరు తన ఆత్మకథలో ఈ దేశపు పండ్లలో దానికే పెద్దపీట వేశాడు. అబుల్ ఫజల్ అక్బరు కాలపు పండ్ల వివరాలలో దానిని విపులంగా చెప్పాడు. దక్షిణాన హైదర్ అలీ 1760లో బెంగుళూరులో లాల్‌బాగ్ వేయించాడు, టిపూ దానిని పెంచాడు. బనగానపల్లె నవాబులను ఊరి నుండి వెళ్ళగొట్టినవాడూ తోటలంటే ప్రాణమిచ్చినవాడే.

కాని మామిడి తక్కిన చెట్ల వంటిది కాదు. మన దేశపు మామిడి రకాలలో అధికభాగం టెంక పాతితే తల్లి గుణం నిలువదు. నూరు టెంకలు పాతితే నూరు రకాలు వస్తాయి. తొంభై పులుసుకు, పచ్చడికి తప్ప పనికిరావు. ఎక్కడో ఒక చెట్టుకు దైవికంగా మంచి పండు కాస్తుంది. ఆ చెట్టుతోనే ఆ పండు కూడా చచ్చిపోకుండా ఉండాలంటే అంటు కట్టవలసినదే. కుండలో పెంచిన నాటు మొక్కను తల్లి కొమ్మ దగ్గరకు ఎత్తి నిలిపి, రెంటి బెరడూ ఒక పక్క చెక్కి, ఆ రెండు గాయాలను ఒకదానికొకటి ఆనించి నారతో కట్టివేస్తారు. రెండు మూడు నెలలు కుండకు నీరు పోస్తూ కనిపెట్టుకొని ఉండాలి. అతుక్కొన్నాక క్రింది మొక్క తల, పైకొమ్మ మొదలు కోసివేస్తే, నాటు వేరు మీద మేలురకం కొమ్మ నిలుస్తుంది. మామిడికి ఈ పని 16, 17 శతాబ్దాలలో గోవాలో పోర్చుగీసు పాదరీల తోటలలో బాగా వ్యాపించిందని చరిత్రకారుల అభిప్రాయం. ఆనాటి యాత్రికులు గోవా పండ్లను ప్రత్యేకంగా మెచ్చుకొన్నారు. అక్కడి నుండి దక్కను దర్బారుల తోటలకు ఆ విద్య ప్రాకింది.

బనగానపల్లె నవాబుల తోటలో ఉండిన మేలురకమే ఈ బంగినపల్లి అని ఆ ప్రాంతపు వాడుక. ఇది వాడుక అయినా, పండు పేరే దానికి సాక్ష్యం పలుకుతుంది. ఈ సంగతి ఒక్కసారి నిదానించి ఆలోచించదగ్గది. నేడు ఉలవపాడులో, నూజివీడులో, కడపలో, ఖమ్మంలో ఉన్న ప్రతి బంగినపల్లి చెట్టూ ఒకే ఒక తల్లి చెట్టు కొమ్మ. కొమ్మ నుండి కొమ్మ, చేతి నుండి చేయి. మధ్యలో ఒక తరం ఆ పని మానివేసి ఉంటే పండు లేదు. ఆ చేతులు నవాబువి కావు. బావి మోటతో నీళ్ళు పోసిన కూలివి, కుండ ఎత్తి కొమ్మకు కట్టిన తోటమాలివి. వంశవృక్షాలు నవాబులకున్నాయి. తోటమాలికి చెట్టే వంశవృక్షం.

హైదరాబాదులో ఇదే పండును బేనిషాన్ అంటారు. పారసీలో బే-నిషాన్ అంటే గుర్తు లేనిది, మచ్చ లేనిది. నున్నని పసుపు తోలుకు ఆ పేరు తగును. ఒక పేరు ఊరిని చెప్పుతుంది, రెండవ పేరు ఏ గుర్తూ లేదంటుంది! మన మామిళ్ళ పేర్లలో ముస్లిం సమాజపు జాడ ఇంకా చాలా ఉన్నది. హిమాయత్, జహంగీర్, ఆజముస్సమర్, రుమానీ. కోడూరు పరిశోధనా కేంద్రంలో శాస్త్రజ్ఞులు సంకరపరచి తీసిన రకాలకు కూడా స్వర్ణజహంగీర్, నీలుద్దీన్ వంటి పేర్లు వచ్చాయి. నీలం, హిమాయుద్దీన్ కలిస్తే నీలుద్దీన్. ఇట్టి పేర్లు పెట్టినవారికి భాషా పండితుల అనుమతి అవసరం లేకపోయింది.

ఇంతవరకు చెప్పినది తీపి చరిత్ర. పండు గురించి వ్రాసేవారు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. కాని ఆ తోట గోడకు అవతల ఏమి జరిగిందో చెప్పకపోతే ఇది చరిత్ర కాదు, సంతలో కేక అవుతుంది.

1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్ళు వానలు లేవు. 1871 లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగవ వంతు తగ్గిపోయింది. కొందరు చనిపోయారు, కొందరు వలసపోయారు. ఆ జిల్లా నడుమనే ఉన్న బనగానపల్లెకు వేరే ఆకాశం లేదు. కొంచెం కోలుకొనేలోగా 1896-97లో మరల కరువు, 1900 ప్రాంతంలో మరల లేమి. 1891లో 35 వేలు దాటి ఉన్న సంస్థానపు జనం 1901 నాటికి 32,264కు దిగింది. నూటికి తొమ్మిది మంది పదేళ్ళలో మాయమైనారు. నేటి రోజులలో ఏ దేశపు జనాభా అయినా అట్లా తగ్గితే యుద్ధం జరిగిందనుకొంటాము.

ఆ కరువులలో జొన్న ఎండిపోయింది, చెట్టు మిగిలింది. లోతుకు వేళ్ళు దింపే మామిడి రెండేళ్ళ అనావృష్టికి తాళగలదు. మూడు నెలల జొన్న తాళలేదు. చెట్టున్నవాడు బ్రతికాడు, చేనున్నవాడు చెడ్డాడు. 1905లో మద్రాసు ప్రభుత్వం నవాబును తాత్కాలికంగా తప్పించినప్పుడు ఆంగ్లేయ కాగితాలు దానిని ఆర్థిక నిర్వహణ లోపమన్నాయి. పాలకుని అప్పులు నిజమే. అయితే పన్ను కట్టే రైతుల సంఖ్యే పదేళ్ళలో తరిగిపోయిన రాజ్యంలో ఏ దివాను వచ్చి బొక్కసం నింపగలడు? నవాబు తప్పును ఈ వ్యాసకర్త కప్పిపుచ్చడం లేదు. ముస్లిం పాలకుడు గనుక మనం సమర్థించవలెనన్న నియమం లేదు. రైతు కడుపు మాడుచున్నప్పుడు రాజు ఇంటి ఖర్చు తగ్గలేదంటే దానికి ఇస్లాంలో సమర్థన దొరకదు. హజ్రత్ ఉమర్ (ర) హిజ్రీ 18లో హిజాజ్‌లో కరువు వచ్చినప్పుడు, ప్రజలకు దొరికేవరకు నేతిని తాను ముట్టలేదన్నది మన పిల్లలు మదరసాలో చదువుకొనే సంగతి. అయితే చుట్టూ ఉన్న ఆంగ్లేయ జిల్లాలలోనూ కరువుకు చావులు జరిగాయన్నది కూడా లెక్కలోకి రావాలి.

1948లో సంస్థానం భారతదేశంలో కలిసి, మద్రాసు రాష్ట్రపు కర్నూలు జిల్లాలో భాగమైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలే అయినా, బనగానపల్లెను పెద్దగా ఎవరూ తలచుకోలేదు. యాగంటి దారిలో నవాబు కట్టించిన బంగళా ఒకటి ఉన్నది. 2009లో అరుంధతి అనే సినిమాలో కనిపించినది మొదలు జనం దానిని అరుంధతి కోట అంటున్నారు. రాతితో కట్టినదాని పేరు ఒక్క సినిమాకు మారిపోయింది. ఎండకు, వానకు, పురుగుకు, మనిషికి లోబడిన చెట్టు తన పేరును పోగొట్టుకోలేదు.

పోగొట్టుకోలేదు గాని, కొంత పంచుకొన్నది. కొమ్మ అంటు ఎక్కడికైనా పోవును. పేరు దానితోపాటే పోవును. 2017 మేలో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. దరఖాస్తు పెట్టినది ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ. అందులో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను పండు పుట్టిన చోటుగాను, కోస్తా, రాయలసీమ జిల్లాలను, తెలంగాణలోని కొన్ని జిల్లాలను రెండవ స్థానంగాను చూపారు. అంటే ఉలవపాడు రైతుకు ఆ పేరు వాడుకొనే హక్కు కాగితం మీద కూడా ఉన్నది. మంచిదే. కాని ఆ పేరు మీద వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతుందన్నది వేరే ప్రశ్న. సంస్థానపు కాలంలో పండు నవాబు పళ్ళెంలోకి పోయింది. ఇప్పుడు ఎక్కడికి పోతున్నది?

మన వైపు మామిడి తోటలను గుత్తకు ఇచ్చే ఆచారం ఉన్నది. డిసెంబరు, జనవరి నెలల్లో పూత పడుతుంది. పూతను చూసి కొందరు, పిందెను చూసి కొందరు, పూత కూడా రాకముందే రెండు మూడేళ్ళ కాపుకు కలిపి కొందరు తోటను వ్యాపారికి అమ్ముతారు. రైతుకు అప్పటికప్పుడు డబ్బు చేతికి వస్తుంది. పిల్ల పెళ్ళి, బావి మోటారు, పాత బాకీ తీరుతాయి. తరువాత తేనెమంచు పురుగు పట్టినా, బూడిద తెగులు వచ్చినా, ఈదురుగాలికి కాయ రాలినా నష్టం వ్యాపారిది. కాపు విరగకాస్తే లాభమూ వ్యాపారిదే. ఒక విధమైన జూదం, ఇద్దరికీ తెలిసి ఆడేది. నా చిన్నతనంలో మా బంధువుల తోట ఒకటి ఇట్లాగే పూత మీద అమ్మారు. ఆ ఏడు కొమ్మలు నేలకు వంగేటట్టు కాసింది. తోట యజమాని భార్య, పిల్లలు అడిగారని రాలిన కాయలు నాలుగు ఏరుకొని వస్తే, కాపలావాడు గంప దింపించి లెక్క చూశాడు. చెట్టు వారిది, కాయ వారిది కాదు. ఆమె ఇంటికి వచ్చి ఒక్క మాటా అనలేదు. ఖాళీ గంపను చూరుకు తగిలించింది. నాకు అది ఇప్పటికీ గుర్తే.

మదీనాలో పదమూడు వందల ఏళ్ళకు పైబడి క్రితం ఇదే సంగతి ఎదురైంది. జైద్ బిన్ సాబిత్ (ర) ఉల్లేఖనం బుఖారీలో ఉన్నది. జనం పండ్లను చెట్టు మీదనే ముందుగా అమ్ముకొనేవారు. కోత కాలం వచ్చి డబ్బు అడిగేసరికి, కొన్నవాడు పండుకు ఫలానా తెగులు పట్టింది, ఫలానా రోగం వచ్చింది అని తెగుళ్ళ పేర్లు ఏకరువు పెట్టి జగడానికి దిగేవాడు. ఇట్టి తగవులు పెచ్చు పెరిగినప్పుడు, పండు పక్వానికి వచ్చే గుర్తు కనిపించేవరకు అమ్మవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. దేవుడు ఆ పండును ఆపివేస్తే సోదరుని సొమ్ము ఏ హక్కుతో తీసుకొంటావన్న భావం అనస్ (ర) ఉల్లేఖనంలో వస్తుంది. కొన్నేళ్ళ కాపును కలిపి అమ్మడాన్ని వారించినట్టు, ఆపద వలన పోయినదాని మేరకు ధర తగ్గించమన్నట్టు జాబిర్ (ర) ఉల్లేఖనాలు ముస్లిం గ్రంథంలో ఉన్నాయి. ఖర్జూరం బదులు మామిడి అనుకొంటే, మదీనాలో విన్న తగవే ఉలవపాడులో వినవచ్చును.

ఫుఖహాలు దీనిని వేర్వేరుగా గ్రహించారు. అసలు కాయే కనిపించనిదాన్ని అమ్మరాదనడంలో భేదం లేదు. కాయ కనిపించి ఇంకా పక్వం కానప్పుడు, వెంటనే కోసుకొనే లెక్కన అమ్మితే హనఫీల దగ్గర చెల్లుతుంది. పండేవరకు చెట్టు మీదనే ఉంచుతాననే షరతు పెడితే బేరం చెడిపోతుంది. ఆపద వచ్చినప్పుడు ధర తగ్గించడం తప్పనిసరి అని ఇమామ్ మాలిక్ (రహ్మ) అన్నారు, నష్టం మూడవ వంతుకు చేరితే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానిని మంచి నడవడిగా చెప్పారే గాని విధిగా చెప్పలేదు. డమాస్కసు వాసి ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) తన ఊరి తోటలను చూసి, జనమంతా ఇదే తీరున అమ్ముకొంటున్నారు, పూర్తిగా కాదంటే వారికి బ్రతుకు లేదు అని చింతించి, అవసరాన్ని బట్టి కొంత వెసులుబాటు వెతికాడు. మద్రాసు ప్రభుత్వం బనగానపల్లె ఖజానా లెక్కలు తనిఖీ చేస్తున్న రోజులలోనే డమాస్కసులో ఒక పండితుడు తోట అమ్మకం మీద తల పట్టుకొని కూర్చున్నాడు. చిన్న రైతు కష్టం ఎక్కడైనా ఒకటే.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పుతాను. పూత మీద అమ్ముకొనే రైతును తప్పుపట్టడం సులభం. అతడు ఎందుకు అమ్ముకొంటున్నాడో అడగడం కష్టం. అతని చేతిలో ఏప్రిల్ దాకా నిలిచే డబ్బు లేదు. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా మీద పడిన వాన, గాలి ఈ తరం వారికి బాగా జ్ఞాపకం. అట్టి రోజున చెట్టు మీద కాయ ఎవరిదైతే నష్టం వారిది. ఏ రైతైనా ఆ భయాన్ని వేరొకరికి అమ్ముకోవాలనే చూస్తాడు. అందుచేత వద్దు అని ఫత్వా చెప్పి ఊరుకొంటే చాలదు. వద్దు అన్నదాని ప్రక్కన, ఇది చేయి అనేది కూడా మన ధర్మశాస్త్రంలో ఉన్నది. ముసాఖాత్ అంటే తోట ఒకరిది, సాకే పని, పెట్టుబడి మరొకరిది, వచ్చిన పండు ఇద్దరికీ ఒప్పుకొన్న పాలు. ఇమామ్ అబూ హనీఫా దీనిని అంగీకరించకపోయినా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అంగీకరించారు; హనఫీల ఫత్వా వారి మాట మీదనే నడుస్తున్నది. కాపు బాగుంటే రైతుకు కూడా పాలు, గాలివాన వస్తే ఇద్దరికీ నష్టం. మన తోటలకు ముందు డబ్బు పెట్టగల ముస్లిం వ్యాపారులు ఒంగోలులో, కందుకూరులో, నెల్లూరులో ఉన్నారు. గుత్త కాగితం బదులు పాలు కాగితం వ్రాసుకొంటే వారి లాభం తగ్గవచ్చును, పోదు.

దీనికి మూలమైన సంఘటన ఖైబర్‌లో జరిగింది. హిజ్రీ 7లో ఖైబర్ గెలిచిన పిమ్మట దైవప్రవక్త (స) అక్కడి యూదులను తోటల నుండి వెళ్ళగొట్టలేదు. చెట్లను వారే సాకాలి, పంటలో సగం వారిది అని ఒప్పందం చేశారు. అబ్దుల్లాహ్ బిన్ రవాహా (ర) మదీనా నుండి వెళ్ళి, ఖర్జూరం పక్వానికి రావడం మొదలైనాక, ఇంకా ఎవరూ కోసి తినకముందు, చెట్టు చెట్టు క్రింద నడిచి కంటి అంచనా కట్టేవారు. కట్టిన తరువాత, ఈ లెక్క ఎక్కువనిపిస్తే మీ పాలు మేము తీసుకొని మీకు ఇవ్వవలసినది ఇస్తాము, తక్కువనిపిస్తే మీరే తీసుకొని మాకు ఇవ్వండి, ఎంపిక మీదే అనేవారు. వారు ఇచ్చిన కానుకలను ఆయన తీసుకోలేదు.

ఉలవపాడు తోటలలో కూడా కంటి అంచనా కట్టే నేర్పరులు ఉన్నారు. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, తల పైకెత్తి చూసి, ఎన్ని కాయలు దిగుతాయో చెప్పగలరు. పెద్దగా తప్పరు. వారు జనవరిలో వస్తారు, పూత మీద.